అప్‌డేట్ అయ్యేదాకా లేవగూడదు

ముళబాగిలు దాటినాక హైవే పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. శనివారం ఒంటిగంట దాటింది, అందరూ ఇళ్ళకు పోయారు. అక్కడి కంప్యూటర్లన్నిటికీ పెద్ద అయిన మునిశంకర్ మాత్రం సర్వర్ గదిలో ఇరుక్కుపోయాడు. ఆ గది ఇనప తలుపు, గేటు గదిలోని కంప్యూటరు ఒప్పుకుంటేనే తెరుచుకుంటుంది. ఆ కంప్యూటరేమో ఇప్పుడు అప్‌డేట్‌లో ఉంది. దాని ముందు కూర్చునేది సుమ. ఈ ఏర్పాటంతా చేయించిన మహానుభావుడూ మునిశంకరే. ఇప్పుడు ఏసీ చలికి వణుకుతూ, గొంతులో దర్జా మాత్రం వదలకుండా, ఫోనులో సుమతో మాట్లాడుతున్నాడు.

“ఎంతైనాది? గట్టిగా చెప్పమ్మా, ఈడ ఫ్యాన్ల మోతకి ఏమీ వినపడలే.”

“ముప్పై నాలుగు శాతం సార్.”

“ఇందాకా అదే చెప్తివి!”

“ఇందాకా అదే ఉన్నింది. ఇప్పుడూ అదే ఉండాది.”

“నిలిపెయ్ దాన్ని. రద్దు చెయ్.”

“యాడ నొక్కేది సార్? రద్దు అనే బటనే లేదు నాకు. మమ్మల్నందరినీ ఏమీ ముట్టుకోగూడని వాళ్ళ లిస్టులో వేసినారు కదా మీరు.”

“అది... వైరసులు వస్తాయని వేసినానమ్మా.”

“అవును సార్. మీటింగులో చెప్పినారు.”

“సరే, వైరు పీకు. వెనక నల్లగా లావుగా ఉంటాది చూడు.”

“పీకితే మెమో ఇస్తారు సార్. స్టోర్సులో మారమ్మ పీకినందుకు ఇచ్చినారు కదా.”

“ఇచ్చేది నేనే కదమ్మా! ఇయ్యను. పీకు.”

“సగంలో పీకితే మళ్ళీ లేస్తుందా సార్ ఇది? లేవకపోతే ఆ తలుపు ఇంగ సోమవారమే కదా?”

“ఉండు, ఉండు. పీకొద్దు. లేవకపోవచ్చు. వాచ్‌మన్ ఆవులప్ప ఉండాడా గేటులో? గునపం తెచ్చి పగలగొట్టమను.”

“వచ్చి చూసి పోయినాడు సార్. ఇనప తలుపుకి గునపం ఏమి చేస్తాదమ్మా అన్నాడు. లోపలినుంచి తీసేదానికి బటన్ ఒకటి ఉండేది కదా?”

“పీకించేసినాను.”

“ఎందుకు సార్?”

“అందరూ మధ్యాహ్నం ఏసీ కోసరం ఈడ చేరి అన్నం తింటా ఉన్నిరి. ఎవరు ఎంతసేపు ఉండారో తెలియాలంటే బయటికి వచ్చేటప్పుడూ కార్డు చూపించాల. అందుకని.”

“ఓహో. అట్లైతే మీరు ఎంతసేపు ఉన్నారో కూడా తెలుస్తాది లెండి.”

“ఎగతాళి వద్దమ్మా, దండం పెడతాను. పొద్దున మా నాయినకి కడుపునొప్పి అని ముళబాగిల్లో ఆస్పత్రిలో చేర్చి, ఈ అప్‌డేట్ ఒకటి చూసుకొని వస్తానని వచ్చినాను. ఇప్పుడే మా అమ్మ ఫోన్ చేసినాది. పేగు మెలిపడిందంట. రెండుకి ఆపరేషన్. కొడుకు వచ్చిందాకా లోపలికి పోనని మంచం పట్టుకొని మొండికేసినాడంట మా నాయిన. డాక్టరేమో ఆలస్యమైతే కష్టమంటా ఉండాడు.”

“అయ్యో. ఇప్పుడు టైమెంత సార్?”

“ఒకటీ ఇరవై. ఎంతైనాది?”

“అరవై ఒకటి.”

“హమ్మయ్య, కదిలినాది!”

“కదలతాది సార్. ఆ పొద్దూ ఇట్లే కదిలినాది.”

“ఏ పొద్దు?”

“పోయిన నెల, బుధవారం, పదకొండు గంటలకి.”

“నెలనెలా అప్‌డేట్ వస్తానే ఉంటాది. నాకు ఏదని గుర్తుంటాది?”

“పదిహేను నిమిషాల్లో మొదలైతుందని స్క్రీన్ మీద పడగానే మీకు ఫోన్ చేసినాను సార్. మా నాయినకి బాగలేదు, మా ఊరు కురుడుమలెకి పోవాల, సాయంత్రానికి తొయ్యండి అన్నాను.”

“ఆ... అవును. ఏదో చెప్తివి.”

“మీరేమన్నారు?”

“ఏమన్నాను?”

“బెంగుళూరు ఆఫీసు నుంచి వస్తాది, నా చేతిలో లేదు అన్నారు. అప్‌డేట్ అయ్యేదాకా కుర్చీలోంచి లేవగూడదు, అది రూలు అన్నారు.”

“రూలే కదమ్మా. పోయినేడు ఒకరు అట్లా లేచిపోయి, పూటంతా తలుపులు...”

“కూర్చున్నాను సార్. ఎనభై దగ్గర నిలిచిపోయినాది. మా తమ్ముడు శశి ఫోన్ మీద ఫోన్. నాయిన నీ పేరే తలుస్తా ఉండాడు అక్కా అని. ఎనభై అయినాది, వస్తా ఉండానని చెప్పు అన్నాను. ఎనభై అంటే వాడికేమి తెలుస్తాది?”

“సుమమ్మా...”

“తొంభై ఆరులో ఉండంగా మళ్ళీ చేసినాడు. ఇంగ తొందరేమీ లేదక్కా, మెల్లగా రా అన్నాడు.”

“నాకెవరూ చెప్పలేదమ్మా. లీవు చీటీ చూసినాను, అంతే.”

“చీటీలో మా నాయిన పోయిన తారీఖు రాసినాను సార్.”

“గమనించలేదు. ఇప్పుడు... ఇప్పుడెంతైనాది?”

“ఎనభై. ఒక మాట అడుగుతాను. మూడు వారాలుగా నిద్ర పట్టలే నాకు. ఆ పొద్దు దాన్ని సాయంత్రానికి తోసేది మీ చేతిలో ఉన్నిందా, లేదా?”

“ఇప్పుడెందుకమ్మా ఆ మాట?”

“బెంగుళూరు వాళ్ళ చేతిలో ఉంటే వాళ్ళని తిట్టుకుంటాను. ఎవరి చేతిలోనూ లేకపోతే నా రాత అనుకుంటాను. చెప్పండి.”

“చూడు, ఒకరికి తోస్తే అందరూ అడుగుతారు...”

“ఉన్నిందా సార్?”

“నలభై కంప్యూటర్లమ్మా. ఒకరికి అట్లా...”

“ఉన్నిందా?”

“ఉన్నింది.”

“ఊఁ.”

“ఉన్నిందమ్మా. ఒక్క నొక్కు. సాకు చెప్తా ఉండావనుకున్నాను. పెద్ద తప్పైపోయినాది. తిట్టు, ఏమన్నా అను, పడతాను. ఎంతైనాదో చెప్పు, అంతే. మా నాయిన నా కోసరం కాచుకొని ఉండాడు.”

“అరవై ఒకటి అన్నప్పుడే నూరైపోయినాది సార్. తలుపు తెరిచే ఉండాది. గేటు తావ ఆటో కూడా నిలబెట్టినాను, తోసుకొని పోండి. మీ నాయిన ఇంగా ఉండాడు.”