గూని సీసా ఆయన

ఏ ఆఫీసన్నావూ? ట్రేడ్‌మార్కులదా? అంటే ఇది నాదంటే నాదని కొట్టుకుంటూ వచ్చేవాళ్ళ మధ్య కూర్చోవాలన్నమాట. మీ అమ్మా పిన్నీ దగ్గర నీకెలాగూ అలవాటే. సరేగానీ అమ్మడూ, పేర్లూ బొమ్మలేనా, సీసాల ఆకారాలు కూడా వస్తాయా మీ దగ్గరికి? వస్తాయీ? అయితే మా దగ్గుమందాయన సంగతి నీకు చెప్పాల్సిందే. కూర్చో. ఆ ఫోను కాస్త అవతల పెట్టు. ఆయన ఫ్యాక్టరీలో నేను సీసాల అచ్చులు చేసేవాణ్ణి. మనిషి పొట్టి, గొంతు మాత్రం వీధి చివరికి వినపడేది. అద్దం కనపడితే చాలు, ఆగి పలకరించి వెళ్ళేవాడు.

మొదట్లో మా సీసా అందరి సీసాల్లాగే నిటారుగా ఉండేది. ఒకసారి కొత్త అచ్చు తొలుస్తుంటే నా చేతిలో ఉలి జారింది. ఇనప అచ్చులో గుంట పడిందంటే సీసాకి బుడిపె వస్తుంది కదా, అలా భుజం దగ్గర ఇంత గూని లేచింది. ఆయనొచ్చి చూసి, "కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చావా? ఈ గూనిదాన్ని ఎవడు కొంటాడు?" అని నా ఏడు తరాలూ దులిపేశాడు. కానీ అప్పుడు ఊరంతా దగ్గులే, ఆపితే సరుకు అందదు. అలాగే పంపేశాం. నెల తిరక్కుండా జనం దుకాణాల్లో "ఆ గూని సీసా ఇవ్వండి" అనడం మొదలెట్టారు. మందు పేరు ఒక్కడికీ తెలీదు! ఇంకేముంది, ఈయన పేపర్లో ప్రకటన వేయించాడు. "బొటనవేలు ఆనించుకోవడానికి మా యజమాని స్వయంగా కనిపెట్టిన ఆకారం, చుక్క కూడా ఒలకదు" అట! అది చదివి నేను నా బొటనవేలు వంక చూసుకున్నాను. చెప్పీ చెప్పీ చివరికి తనే నమ్మేశాడు.

ఆ తర్వాత అవతలి వీధి కంపెనీవాడు అచ్చం అలాంటి గూనితోనే సీసా దించాడు. ఈయన లబోదిబోమంటూ లాయరు దగ్గరికి పరిగెత్తాడు. అంతకుముందు మీ చట్టంలో కాగితం మీద వేసి అతికించే పేరుకీ బొమ్మకీ మాత్రమే గుర్తింపు ఉండేదట. కొత్తగా వస్తువు ఆకారాన్ని కూడా గుర్తుగా రాసిస్తున్నారని ఆ లాయరమ్మ చెప్పింది. నెమ్మదస్తురాలు, ఒక్క మాట ఎక్కువ మాట్లాడేది కాదు. "ఆకారం వల్ల ఏదైనా పని జరుగుతుంటే అది అందరిదీనండీ, ఒక్కరికే రాసివ్వరు. పనేమీ లేకుండా, చూడగానే మీదని జనం గుర్తుపట్టాలి. కాబట్టి కోర్టులో మీరు ఒకే ఒక్క మాట చెప్పండి, ఈ గూనివల్ల ఏ ఉపయోగమూ లేదని" అంది. ఈయన ముఖం చూడాలి! వాళ్ళావిడ పక్కనే కూర్చుని, "చెప్పేయండి, దానికేముంది? ఉపయోగం లేదని మిమ్మల్నే పాతికేళ్ళనుంచి అంటున్నాను, నాకేమన్నా కష్టమైందా?" అంది.

కోర్టులో ముందు బాగానే నడిచింది. సంగీతం పంతులమ్మ ఒకావిడ, పాపం చూపు లేదు, సాక్షిగా వచ్చింది. మూడు సీసాలు చేతికిస్తే తడిమి, "ఇదీ, ఇదీ దగ్గుమందాయనవే" అంది. అందులో ఒకటి అవతలివాడిది! చూశావా, మోసం జరుగుతోందని అక్కడికక్కడే తేలిపోయింది. జడ్జిగారు కూడా తలాడించారు. అప్పుడు ఈయన బోనెక్కాడు. అవతలి లాయరు మహా గడుసు. మెత్తగా నవ్వుతూ, "అయ్యా, మీరింత తెలివైనవారు, ఇన్నేళ్ళూ ఒక పనికిమాలిన ఆకారాన్ని మోశారా?" అన్నాడు. అంతే! "ఎవడయ్యా పనికిమాలినదన్నది? బొటనవేలు ఇక్కడ పెట్టి వంచి చూడు! నేను కనిపెట్టింది!" అని బోను చెక్క మీద గుద్దాడు. అవతలివాడు "చాలండీ" అని కూర్చున్నాడు. మా లాయరమ్మ కళ్ళజోడు తీసేసింది. కేసు పోయింది.

ఆర్నెల్లలో బజారునిండా గూని సీసాలే. ఈయన రోషంకొద్దీ తన సీసాని నిటారుగా మార్పించాడు. జనం దాన్ని చేతిలోకి తీసుకుని, "ఇది దొంగ సరుకు, మాకు అసలుది కావాలి" అని తిరిగి ఇచ్చేసేవారు. నవ్వకే. అరవై మందిమి పనిచేసేవాళ్ళం అక్కడ. రెండేళ్ళలో తలుపులు మూశారు.

పోయే ముందు ఒకసారి మా ఇంటికొచ్చాడు. ఇదిగో, నువ్వు కూర్చున్నచోటే. గొంతు పూర్తిగా తగ్గిపోయింది. "ఆ రోజు నువ్వు కోర్టులో రెండో వరసలో ఉన్నావు. అది ఉలి జారితే వచ్చిన గూని అని లేచి ఒక్కమాట చెప్పుంటే నిలబడేవాళ్ళంరా" అన్నాడు. తను బోనులో చెప్పొచ్చుగా? చెప్పడు. నేను చెప్పాలి! నేనూ లేద్దామనే అనుకున్నాను అమ్మడూ. కుర్చీ అంచుదాకా జరిగాను. కానీ ఆయన "నేను కనిపెట్టింది" అని అంత గట్టిగా అంటుంటే, ఆ గూనికి నేను తిన్న తిట్లు గుర్తొచ్చి, నాకు లోపల...

మీ ఆఫీసు ఎన్నింటికన్నావు? ఇప్పుడు బయల్దేరితేనే బస్సు దొరుకుతుంది. గొడుగు తీసుకెళ్ళు.