ఉత్త మంచం ముందర శోకం

ఓదెమ్మను మీరెరగరు పిల్లలూ. ఈ కథ మీకెవరూ చెప్పి ఉండరు. మీరు పెరిగే చోట ఎవరన్నా పోతే తలుపు దగ్గరేసుకుని ఏడుస్తరు కదా, అందుకని. ఓదెమ్మ ఊళ్ళో అట్ల కాదు. ఎవరింట్లో చావైనా ఓదెమ్మ రావాలె, తలకాడ కూర్చుని శోకం తీయాలె. శోకమంటే వట్టి ఏడుపనుకునేరు, కాదు. పోయిన మనిషి బతుకంతా నలుగురిలో రాగం తీసి చెప్పుడు. ఏం తిన్నడు, ఎవరికి పెట్టిండు, ఏ ఒడ్డు మీద కూర్చునేటోడు, అన్నీ రావాలె. ఆ విద్య తల్లి కొమురవ్వ నేర్పింది. నేర్పుతూ చెప్పిందంట, ఒకరికి ఏడ్చిన మాట ఇంకొకరికి ఏడ్వొద్దు బిడ్డా, అది వాళ్ళ వెంట మట్టిలకు పోతది, పీనుగ లేని ఇంట్ల అసలుకే శోకం తీయొద్దు అని.

ఏమైందంటే, గొర్లు కాసే బీరయ్య పోయిండు. ఓదెమ్మ ఆయన గొంగడి పట్టుకుని ఏడ్చింది. ఏమని ఏడ్చిందో నేను చెప్పను, అవి బీరయ్య మాటలు. కానీ ఓదెమ్మ కోడలు మమత అది ఫోన్లో వీడియో పట్టింది, పట్టి ఊరుకుందా, అందరూ చూసేటట్టు పెట్టింది. ఇంకేముంది, ఎక్కడెక్కడోళ్ళో చూసినరంట. అత్తా, దుబాయిల ఉన్నోళ్ళు గూడ నిన్ను చూసి ఏడుస్తుండ్రు అన్నది మమత. ఓదెమ్మను అంతవరకు చావుకు పిలిచుడే గాని పెళ్ళింట్లో ముందర కూర్చోబెట్టినోళ్ళు లేరు. అసొంటిది ఒకటే గుండె బొమ్మలు, ఒకటే పొగడ్తలు. నీ కాళ్ళు మొక్కుత తల్లీ అని ఎవరో రాసినరు. మళ్ళ చదువు అనేది. మమత చదివేది. ఇంకోసారి చదువు అనేది.

ఆ తర్వాత ఊళ్ళో ఎవరూ పోలేదు. మంచిదే కదా. ఓదెమ్మకే మంచిగ లేదు. ఇంకోటెప్పుడు అమ్మా, ఇంకోటెప్పుడు అని అడిగి అడిగి జనం తగ్గుకుంట వచ్చినరు. పక్క జిల్లాల ఇంకొకామె ఏడుస్తున్నదంట, అందరూ అటు పోతున్నరంట. ఓదెమ్మకు అన్నం సహించలేదు. దగ్గు వినబడ్డ ఇంటికల్లా పోయి పాణమెట్లుంది అని అడుగుడు మొదలుపెట్టింది. పక్షవాతమొచ్చిన రాజలింగం మంచంల నుంచే ఆమెను చూసి, నేనిప్పుడే పోను గని, పోయి ఫోన్ చార్జింగ్ పెట్టుకో ఓదెమ్మా అన్నడంట. అందరూ నవ్వినరు, ఓదెమ్మ కూడా నవ్వింది. నవ్వుకుంటనే ఇంటికొస్తే తల్లి మంచం ఉత్తగ ఉంది. కొమురవ్వ కందికాయలు తెంపుకరావటానికి చెలకకు పోయింది. ఓదెమ్మ ఆ మంచం మీద తల్లి చీర పరిచింది, మనిషి పండుకున్నట్టే పరిచింది. మమతా, ఫోన్ పట్టు అన్నది. అవ్వ బతికే ఉన్నది కదా అత్తా, వద్దు అన్నది మమత. నేను పేరు చెప్పనులే, పట్టు. పట్టింది. కూర్చునేదాకా ఉత్తుత్తి ఏడుపే అనుకుందంట ఓదెమ్మ. రాగమెత్తినాక నిజంగనే వచ్చింది. చిన్ననాటి నుంచి కడుపులో దాచుకున్నవన్నీ వచ్చినయి, ఒక్కటి ఆగలేదు.

మర్నాడు పొద్దెక్కేసరికి ఇంటి ముందర ఆటో ఆగింది. మమత పెట్టింది ఫోన్లో చూసి కొమురవ్వ తమ్ముడోళ్ళు పీనుగ మీద కప్పే కొత్త బట్ట పట్టుకుని, గొంతెత్తుకుంటనే దిగినరు. దిగి చూస్తే కొమురవ్వ అరుగు మీద కూర్చుని కందికాయలు వలుస్తున్నది. ఎవలు పోయిండ్రురా అన్నదంట. కొత్త బట్ట చూసింది, వాళ్ళ మొహాలు చూసింది, ఓదెమ్మ దిక్కు చూసింది. తెలిసిపోయిందనుకో. అందరికీ మంచినీళ్ళిచ్చి, ఏదీ, నాక్కూడ వినిపియ్యి అన్నది. మొత్తం విన్నది. మంచిగ తీసినవ్ బిడ్డా, నీకు గంజి పోసి నేను నీళ్ళు తాగిన సంగతి నీకు యాదికున్నదని నాకు తెల్వనే తెల్వదు అన్నది. ఉత్తగనే అవ్వా, ఇంకోటి ఇంకోటి అని అడుగుతుండ్రు, నేనేం చేయాలె అన్నది ఓదెమ్మ. అడుగుతరు బిడ్డా, నేను నిజంగ పోయినంక గూడ అడుగుతరు, అప్పటికేం దాచినవ్ మరి? కొమురవ్వ మళ్ళీ కందికాయలు వల్చుకుంట కూర్చుంది. తిట్టలేదు. తిట్టినా బాగుండు అనుకుందంట ఓదెమ్మ.

చలికాలం దాటకముందే కొమురవ్వ పోయింది. ఓదెమ్మ తలకాడ కూర్చుంది. ఊరంతా వచ్చింది, ఊరు గానోళ్ళు కూడా వచ్చినరు, ఫోన్లు పైకెత్తి పట్టుకుని. ఓదెమ్మ నోరు తెరిచి మొదటి మాట అన్నది. అనగానే రెండో మాట వెనక ఆడోళ్ళు అందుకున్నరు. ఎగతాళికి కాదు, పాపం, అందరికీ నోటికొచ్చి ఉన్నది, పాటలెక్క. ఓదెమ్మ ఆగింది. ఇంకో మాట కోసం వెతికింది. తల్లి చేతులు చూసింది, కాలి పగుళ్ళు చూసింది. ఆ పగుళ్ళ సంగతీ ఏడ్చేసింది కదా. ఏది ముట్టుకున్నా ఫోన్లో ఉన్నదే. అవ్వా అంటది, ఆగుతది. అవ్వా అంటది, ఆగుతది. డప్పులు ఆగినయి. శోకం లేకుండ పాడె లేపొద్దు అని పెద్దలన్నరు. మమతకు ఏం చేయాలో తోచలేదు, ఏడ్చుకుంటనే ఆ ఫోన్ తీసి కొమురవ్వ తలకాడ పెట్టింది. ఫోన్ ఏడ్చింది. అయిపోయినాక దానంతటదే మళ్ళీ మొదటి నుంచి ఏడ్చింది. మళ్ళీ ఏడ్చింది. ఆ ఏడుపు మీదనే పాడె లేపినరు. కన్నబిడ్డ నోరు మూసుకుని వెనక నడిచింది.

అట్ల నడిచింది కూడా ఎవరో పెట్టినరంట, బీరయ్యదానికంటే ఎక్కువ మంది చూసినరంట. ఓదెమ్మ మాత్రం చూడలేదు. ఇప్పటికీ చావింటికి పోతది, తలకాడ కూర్చుంటది, నోరు తెరవది. ఆ ఊళ్ళో కూడా ఇప్పుడు మనుషులు చప్పుడు లేకుండ పోతున్నరు, మీ దగ్గర లెక్కనే. నాకు తెలిసింది ఇంతే, దీనికి మందు నా దగ్గర లేదు. మీకంటే చిన్నోళ్ళు ఎవరన్నా ఉంటే ఎదురుగా కూర్చోబెట్టుకుని ఈ కథ చెప్పండి. కొమురవ్వకు ఏమని ఏడ్చింది అని అడుగుతరు. మాకు చెప్పలేదు అనండి.