పన్నెండో ముక్కకు కట్టిన తాడు

పెద్దలారా, అక్కలారా, అన్నలారా,

షిఫ్టు దిగి ఇంటికి పోకుండా ఇటే వచ్చినవాళ్ళున్నారు. ఇక్కడి నుంచే షిఫ్టుకు పోవలసినవాళ్ళున్నారు. పశువుల ఫారం నుంచి రెండు గంటలు ప్రయాణం చేసి దాని యజమాని శేఠ్‌జీ వచ్చారు. మీ అందరికీ చేతులు జోడిస్తున్నాను. మా ఆయన పరుశురాం పోయి ఇవాళ్టికి పదకొండు రోజులు.

నేను ఐదో తరగతి వరకే చదివాను. ఇంతమంది ముందు ఎప్పుడూ నిలబడలేదు. కాగితం మీద రాసుకొచ్చింది చదువుతున్నాను. గొంతు వినపడకపోతే చెయ్యి ఎత్తండి.

ఊరు విడిచి వచ్చి ఆయన పద్నాలుగేళ్ళు ఈ నవాగామ్‌లోనే సాంచెల మీద, ఈ కరెంటు మగ్గాల మీద, పని చేశాడు. ఆరేళ్ళ కింద దగ్గు పట్టుకుంటే డాక్టరు దుమ్ములో ఉండొద్దన్నాడు. అప్పుడే శేఠ్‌జీ గారి పశువుల ఫారంలో కాపలా పని దొరికింది. నాలుగు వందల ఎకరాల గడ్డి భూమి, మూడు వందల పశువులు. నేత తప్ప ఏమీ తెలియని మనిషి అక్కడ ఏం చేస్తాడని మీరందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

సాంచెల మధ్య బతికినవాళ్ళం మనం గట్టిగా అరిచి మాట్లాడతాం. ఆయనా అంతే. మొదటి వారం ఆయన పిలిస్తే ఆవులు బెదిరి పరుగెత్తేవి. ఆయనకు అది చాలా బాధ అనిపించింది. "మంగా, నీ లెక్క మెల్లగ మాట్లాడుడు నాకు నేర్పు" అన్నాడు. నా గొంతు చిన్నదని పుట్టింట్లో, అత్తింట్లో అందరూ ఎత్తిపొడిచారు. దాన్ని నేర్పమని అడిగింది ఆయన ఒక్కడే.

ఆ భూమి అప్పుడు ఎట్లా ఉండేది? పశువులు ఇష్టం వచ్చినట్టు తిరిగి, మొలిచిన గడ్డిని మొలిచినట్టే కొరికేసేవి. నేల బోడిగా ఉండేది. పశువైద్యం చేసే డాక్టరు ఒకాయన, గడ్డికి కూడా విశ్రాంతి కావాలని చెప్పి వెళ్ళాడు. వినడానికి అందరూ విన్నారు. చేసింది మా ఆయన. భూమిని పన్నెండు ముక్కలు చేశాడు. పదకొండింట్లో పశువులను వంతుల వారీగా ఐదేసి రోజులు మేపి ముందుకు జరిపేవాడు. పన్నెండోది వానాకాలం నుంచి మళ్ళీ వానాకాలం దాకా మూసి ఉంచేవాడు. గింజ రాలాలి, వేరు లోతుకు పోవాలి. ఏటా ఒక ముక్కకు ఆ వంతు, ఆ ఏటికి అదే పన్నెండోది.

ముక్కల మధ్య సన్నని తీగ కట్టి, సోలార్ పలక నుంచి చిన్న కరెంటు ఇచ్చారు. పశువు ముక్కు తగిలితే చురుక్కుమంటుంది, అంతే. కానీ తీగ వాటికి కనపడాలి కదా. ఆయన ఏం చేశాడో మీకు తెలుసు. మీ షెడ్లలో చీర అంచుల నుంచి కోసి పారేసే దారాలను బండి మీద మూటలు మూటలుగా తీసుకుపోయి, తాళ్ళు పేని, తీగ వెంట కట్టాడు. పక్క షెడ్డు చూసుకునే బక్కయ్య మామ అప్పుడు ఏమన్నాడు? "ఏంరా పరుశురాం, ఆవులకు చీరెలు పెడుతున్నవా? జర మా ఇంటిదానికి గూడ ఒకటి పంపు" అన్నాడు. ఈ సభలో సగం మంది నేసిన రంగులు ఇప్పటికీ అక్కడ గాలికి ఊగుతున్నాయి.

మా అత్త పోశమ్మ సంగతి కూడా చెప్పాలి. ఇంటికి గోబర్ గ్యాస్ పెట్టిన రోజు ఆమె పస్తు పడుకుంది. "పెండ గ్యాసు మీద వండిన బువ్వ నేను ముట్ట" అంది. ఆయన నవ్వి, "పిడకల మీద వండి నన్ను పెంచినవు గదనే అవ్వా, అది బంగారమా?" అన్నాడు. మర్నాటి నుంచి ఆ పొయ్యి దగ్గరికి ఆమె నన్ను రానియ్యలేదు. అత్తా, ఏడవకు. నువ్వు ఏడిస్తే నేను చదవలేను.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

మేము వెళ్ళిన రెండో ఏడు, ఎండాకాలం. చుట్టాల పెళ్ళి ఉందని ఆయన జగిత్యాల వెళ్ళాడు. దూడలతో ఉన్న ఆవులు మూసి ఉంచిన ముక్క తాడు దగ్గర నిలబడి, లోపలి గడ్డిని చూస్తున్నాయి. అంత గడ్డి ఉండగా ఆకలి ఎందుకు? కరెంటు మీట ఆపి, తాడు విప్పేశాను. మూడు రోజుల్లో వేళ్ళ దాకా తినేశాయి.

ఆయన వచ్చి చూశాడు. తాడు మళ్ళీ కట్టాడు. మొదటి వాన పడ్డ రోజు నా చెయ్యి పట్టుకొని అక్కడికి తీసుకుపోయాడు. పక్క ముక్కల్లో పడ్డ నీళ్ళు పడ్డట్టే ఇంకిపోతున్నాయి. నేను విప్పిన ముక్కలో నీళ్ళు బురదగా వాగులోకి పరుగెడుతున్నాయి. "చూడు మంగా, గవి నీళ్ళు గావు. నేల పోతున్నది" అన్నాడు. మళ్ళీ అక్కడ గడ్డి నిలవడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ నా చేతనే విత్తనం చల్లించాడు.

అంత ఓపిక ఉన్న మనిషి తన మీద మాత్రం ఎందుకు చూపించుకోలేదు? పోయిన నెల ఆ రోజు నీళ్ళ మోటారు ఆగిపోయింది. సోలార్ పలకల మీద దుమ్ము పేరుకుందేమో చూస్తానని మిట్టమధ్యాహ్నం వెళ్ళాడు. చల్లబడ్డాక పొమ్మన్నాను. "పశువులు నీళ్ళకు నిలబడ్డయి" అన్నాడు. పలకలన్నీ తుడిచాడు, మోటారు నడిచింది. ఆయన అక్కడే పడిపోయాడు. ఎండదెబ్బ అన్నారు. నేలకు విశ్రాంతి ఇచ్చాడు, పశువులను నీడకు తోలాడు. తనకు ఒక్క పూట ఇచ్చుకోలేదు.

ఆసుపత్రిలో రెండు రోజులున్నాడు. తెలివి వచ్చింది ఒక్కసారే. నా గురించి అడగలేదు. "వాన పడ్డదాక పన్నెండోది ఇప్పనియ్యకు" అన్నాడు. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు లేదు. నాకు అప్పగించి పోవలసింది ఏదో అదే అప్పగించాడు.

శేఠ్‌జీ, మేత అయిపోతున్నదని, సోమవారం ఆ తాడు విప్పాలని మీ మేనేజరు గారు మొన్న ఇంటికి వచ్చి చెప్పారు. ఆయన తప్పు లేదు. ఆకలిగా ఉన్న పశువును చూస్తే ఎవరికైనా అట్లాగే అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ మోటారు గది వెనక, టార్పాలిన్ కింద, దీపావళి తర్వాత మా ఆయన కోసి ఆరబెట్టిన గడ్డి కట్టలున్నాయి. కరువు పూటకని దాచాడు. మేత తగ్గినప్పుడు మేనేజరు గారికి చెబుదామనుకున్నాడు, ఆ వేళ ఆయనకు దొరకలేదు. కొలిచి వేస్తే మూడు వారాలు వస్తాయి. అంతలో వాన పడుతుంది. కొలిచి వేసే పని, తాళ్ళు చూసే పని నేను చేస్తాను. నాకు వచ్చు. ఆయన నేర్పాడు. సంధ్యారాణి అక్కా, ఈ మాట శేఠ్‌జీకి గుజరాతీలో చెప్పు. ఒక్క మాట కూడా తగ్గించకు. శేఠ్‌జీ, జవాబు ఇప్పుడే వద్దు. ఆఖరున అందరం లేచి నిలబడతాం, అప్పుడు ఆలోచించండి.

ఇక నాది ఒక్కటే మాట. పక్క షెడ్డులో సాంచెలు వినపడుతున్నాయి కదా. మా ఆయన పద్నాలుగేళ్ళు నిలబడ్డ షెడ్డు అది. ఆయనకు జ్వరం వచ్చినా, మాకు పెళ్ళయినా అవి ఆగలేదు. ఇవాళ రెండు నిమిషాలు ఆపిస్తానని బక్కయ్య మామ మాట ఇచ్చాడు. ఫారంలో మొదటిరోజు చప్పుడు లేకపోతే తన చెవులు పోయాయనుకొని ఆయన భయపడ్డాడు. తరువాత అదే ఆయనకు ఇష్టమైంది. "మనోళ్ళందరికి ఇది ఒక్కసారి వినిపించాలె" అనేవాడు.

అందరూ లేవండి. చప్పుడు ఆగినాక ఎవరూ మాట్లాడకండి, వినండి.

మామా, ఇక ఆపించు.