కోడలి జొరం

“మామ్మా, ఎప్పుడూ భయపడుతూ ఉంటే ఒంట్లో హార్మోన్లు పెరిగి, మెదడులో సెరటోనిన్‌ని అందుకునే రిసెప్టర్లు సరిగ్గా పనిచెయ్యవట. ఒంటి వేడి అదుపు తప్పుతుందట. మా నర్సింగు క్లాసులో చెప్పారు. నువ్వెప్పుడైనా అలాంటిది చూశావా?”

సూడకేటి, మనింట్లోనే సూసినాను. ఆ రిసెప్టర్లో ఏటో నాకు నోరు తిరగదు గానీ, దానికి కాలేజీ దాకా ఎందుకే, నన్నడిగితే సెప్పీదాన్ని కదా. మీ అమ్మ కొత్తగా కాపరానికొచ్చినప్పటి మాటిది, నువ్వింకా పుట్టనేదు. పొద్దల్లా బాగానే ఉండీది. సాయంత్రం నాను సేపలమ్ముకుని గుమ్మమెక్కీసరికి దాని ఒళ్ళు కాలిపోయీది. నాను నుదుటి మీద సెయ్యేసి, ఇది జొరం కాదు, పనెగ్గొట్టీ నాటకం అనీదాన్ని.

ఎందుకనీదాన్నంటే, పొద్దున్నించీ ఐసులో నానిన సేతులు కదా. అప్పట్లో రెండు రూపాయలకి, కాదు మూడు, తట్ట నిండా ఐసొచ్చీది. ఆ సేత్తో ఎవుల్ని ముట్టుకున్నా పెనంలాగే ఉండీవోరు. ఓసారి మీ తాతనీ అలగే ముట్టుకుని, జొరమని ఆస్పత్రికి లాక్కుపోతే డాకటేరు జొరం నేదని నవ్వీసినాడు. అప్పట్నించి నా సేతిని నమ్మడం మానీసినాను. కోడల్నీ నమ్మనేదు. తెలివైందాన్ని కదా మరి.

ఆఖరికి మద్దిలపాలెం ఆస్పత్రిలో రకతం సూపించినాం. మలేరియా నేదు, టైఫాయిడూ నేదు. ఏటీ నేదన్నారని వీదంతా సాటించీసినాను. మర్నాడే మీ అమ్మ పూడిమడక, కన్నోరింటికి ఎళ్ళిపోనాది. అక్కడ బస్సు దిగిందో నేదో, జొరం మాయం. మరి రానని కబురెట్టినాది. మీ నాన్న సేపల వేటకెళ్ళడం మానీసి ఒడ్డున కూకున్నాడు. అప్పుడేసింది నాకు బయ్యం, కొడుకు కాపరం పోతాదని.

ఎళ్ళినాను. ఎళ్ళి, తప్పయిపోనాదమ్మా అన్నాననుకున్నావా? “మా ఊరి నీళ్ళు నీకు పడనేదే” అన్నాను. తప్పు నీళ్ళ మీదకి తోసీసినాను, సూడు నా గొప్పతనం. అది నా ముకంలోకి సూసినాది. “అవునత్తా, నీళ్ళే” అన్నాది. బట్టలు సర్దుకుని నాతోనే బస్సెక్కినాది. దానికి తెలుసు. తెలిసే అన్నాది.

ఆపైన నాను నోరు తగ్గించినాను, దాని జొరమూ తగ్గినాది. ఇన్నేళ్ళూ ఆ మాట మేమిద్దరం మళ్ళీ ఎత్తనేదు. ఇయ్యాల నువ్వు క్లాసులో ఇన్నది సెప్పి నా నెత్తినెట్టినావ్. నానేనే దాని జొరం.

నూరేళ్ళు బతుకు తల్లీ, ఎవులింటికెళ్ళినా బెదురు నేకండా బతుకు. లే, మీ అమ్మని ఓపాలి ఇలా రమ్మను. నువ్వు మాత్రం బయటుండు. నీ ముందర నాకు సిగ్గేస్తాది.