సార్ కోటలో మునిగిన మా ఆఫీసు

అధ్యక్ష స్థానంలో ఉన్న మా ఈఈ రాంప్రసాద్ గారికి, పూలదండల బరువుకు కొంచెం ముందుకు వంగి కూర్చున్న ఇవాళ రిటైరవుతున్న పెళ్ళికొడుకు మా డీఈ సదానందం సార్‌కు, ముప్పై నాలుగేళ్ళుగా ఆయన్ని మాకు అద్దెకిచ్చి ఇవాళ వెనక్కి తీసుకుపోవడానికి వచ్చిన ఆయన శ్రీమతి కట్టమ్మ గారికి, వేదిక మీది పెద్దలకు, పక్క గదిలోంచి బగారన్నం వాసన వస్తున్నా కుర్చీలు వదలని మిత్రులందరికీ నమస్కారం. నేను కావ్యను, ఏఈని. నాకు అయిదు నిమిషాలు ఇచ్చారు. సార్ దగ్గర పనిచేసినవాళ్ళం ఏ లెక్క వేసినా భద్రత కోసం పైన ఇంకొంత కలుపుతాం కాబట్టి, ఎనిమిది అనుకోండి. (నవ్వులు)

ఇప్పటిదాకా మాట్లాడినవాళ్ళు సార్ బాగుచేయించిన చెరువుల గురించి, కాలువల గురించి చెప్పారు. ఆయన కట్టిన కోట సంగతి ఒక్కరూ ఎత్తలేదు. కట్టమ్మ గారూ, ఆఫీసులో పని ఎక్కువుండి డబ్బాలో అన్నం మిగిలిపోయిందని సార్ మీతో చెప్పిన రోజులున్నాయే, అందులో సగం రోజులు ఆయన నా లాప్‌టాప్ ముందు కూర్చుని కోట కడుతున్నారు. (నవ్వులు) ఇన్నాళ్ళూ దాచినందుకు నన్ను క్షమించాలి.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. అదొక కంప్యూటర్ ఆట. గుట్టను తొలిచి, లోపల అంతస్తులు అంతస్తులుగా గదులు తవ్వి, బెత్తెడు మనుషులను బతికించాలి. వాళ్ళు వండుకుంటారు, తింటారు, పడుకుంటారు, అలుగుతారు. బయట ఏరు పారుతుంటుంది, ఆ నీళ్ళను లోపలికి తేవాలి. తెరమీద నేలంతా గడులు గడులుగా ఉంటుంది, ఒక్కో గడిలో నీళ్ళకు ఏడు కొలతలు. ఒకటి ఉంటే తడి, నాలుగు దాటితే మనిషికి కష్టం, ఏడు నిండితే ఇక చెప్పేదేమీ లేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో లంచ్‌లో ఆడుకుంటుంటే సార్ వెనక నుంచి చూసి, "ఆటల నీళ్ళేం నీళ్ళు బిడ్డా" అని నవ్వి వెళ్ళిపోయారు. వారం తిరక్కుండానే పెన్సిలు, పాత ఎస్టిమేటు కాయితాలు పట్టుకుని వచ్చి కుర్చీ లాక్కున్నారు.

వచ్చి మొదట చేసిన పని, స్టాఫ్ లిస్టు ముందు పెట్టుకుని కోటలో మనుషులందరికీ మన పేర్లు పెట్టడం. శోభారాణి మేడం, మీకు వంటశాల ఇచ్చారు. అకౌంట్స్‌లో కూర్చునే మీరు అక్కడ పుట్టగొడుగులు వండేవారు, పాపం ఎవరూ తినేవారు కాదు. (నవ్వులు) తూములు ఎత్తి దించే మన లస్కర్ నర్సింగం అన్నకు అక్కడా నీటి గేటు మీట దగ్గరే డ్యూటీ వేశారు. అన్నకు ఆటలో కూడా బదిలీ దొరకలేదు.

ఇక నీళ్ళు. సార్ ఏటి దగ్గర నుంచి కోట దాకా పొడవైన కాలువ తవ్వించి, ఇంత దూరం పారితే రాపిడికి ఇంత జోరు తగ్గుతుందని కాయితం మీద లెక్కగట్టి, కోట లోపలి బావిలో నీళ్ళు భోజనశాల నేలకు అడుగు కింద ఆగుతాయని నాకు చూపించి, గేటు ఎత్తించారు. లెక్క చక్కగా ఉంది. అయితే ఆ ఆటలో రాపిడి అనేదే లేదు. నీళ్ళు ఎంత దూరం వచ్చినా బయల్దేరిన జోరుతోనే వస్తాయి, ఏటి ఎత్తు దాకా లేవాలనే చూస్తాయి. చదువు రాని పిల్లలు ఆడినా చేయని తప్పు అది. ముప్పై ఏళ్ళు కాలువలు చూసిన మనిషి కాబట్టే చేయగలిగారు. శోభారాణి మేడం, అదే మీరు మొదటిసారి మునగడం. (నవ్వులు)

ఆ ఆటలో ఒక కిటుకుంది సార్, గడి నుంచి గడికి ఐమూలగా దారి తవ్వితే జోరు చచ్చిపోతుందని నేను చెప్పాను. నెల రోజులు ఒప్పుకోలేదు. "మూలకు మలిగితే జోరు తగ్గుడేంది? గట్ల యాడన్న ఉంటదా? నేను సంతకం పెట్ట" అన్నారు. ఆటలో సంతకం ఎవరు అడిగారో నాకు తెలియదు. తన పద్ధతిలోనే మళ్ళీ కట్టారు. ఆ తెరమీద ఒకసారికి ఒక్క అంతస్తే కనిపిస్తుంది. సార్ పై అంతస్తు తెరిచిపెట్టుకుని కాలువ ఎంత అందంగా పారుతోందో నాకు చూపిస్తుంటే, కింద భోజనశాల నిండిపోతోంది. నేను గమనించి చెప్పాక గేటు దించమని ఆర్డర్ ఇచ్చారు. ఆటలో నర్సింగం అన్న అన్నం తినడం పూర్తిచేసి, నిమ్మళంగా నడిచి మీట దగ్గరికి వెళ్ళేసరికి ఆఫీసు మొత్తం పోయింది. (నవ్వులు) అన్నా, నువ్వు తలొంచుకోకు, నీ తప్పు లేదు.

నేను కూడా అప్పుడు ఇలాగే నవ్వాను. సార్ నవ్వలేదు. అన్నం డబ్బా మూసేసి ఒక మాటన్నారు. "నేను సూస్తలేని తావుకు నేను ఆర్డరిచ్చిన. సూసెటోళ్ళ చేతిల ఉండాలె మీట." మూడో కోటలో మీటను నీళ్ళు కనిపించే చోటే పెట్టించారు. మూలదారి కూడా తవ్వించారు, నా ముందు మాత్రం ఒప్పుకోలేదు.



నవ్వే మాటలు అయిపోయాయి. పోయిన సెప్టెంబర్ వానలు అందరికీ గుర్తున్నాయి. మూడో రోజు మధ్యాహ్నానికి మన సెక్షన్‌లో పెద్ద చెరువు కట్ట అంచుకు అడుగు దూరంలోకి నీళ్ళొచ్చాయి. మిగులు నీళ్ళు పొర్లిపోయే అలుగు సరిపోవడం లేదు. గేటెత్తితే కింద పత్తి చేన్లు మునుగుతాయి, ఎత్తకపోతే కట్ట తెగి ఊరు మునుగుతుంది. సార్ హనుమకొండలో కంటి ఆపరేషన్ చేయించుకుని పట్టీ కట్టుకుని ఉన్నారు. నేను కట్ట మీద నుంచి ఫోన్ చేసి ఎత్తమంటారా వద్దంటారా అని అడిగాను. ఆయన అన్న మాట ఇది. "నేను దవాఖానల ఉన్న బిడ్డా. నీళ్ళు నీ కండ్ల ముంగట ఉన్నయ్. నన్నడుగకు, నువ్వు సూసి చెయ్యి." ఫోన్ పెట్టేశారు.

నేను గేటెత్తించాను. కట్ట నిలబడింది. నలభై ఎకరాల పత్తి పోయింది. ఆ రైతుల మాటలన్నీ నేనొక్కదాన్నే పడ్డాను. సార్, ఆ రోజు నుంచి పది నెలలు మీ మీద కోపంగా ఉన్నాను. మీ మీదికి మాట రాకుండా తప్పించుకున్నారని అనుకున్నాను. లంచ్‌లో లాప్‌టాప్ తెరవడం మానేశాను. మీరూ ఎందుకని అడగలేదు.

ఇవాళ ఛార్జి తీసుకోవాలి కదా అని నిన్న పాత ఫైళ్ళు సరిచూస్తుంటే ఒక కాయితం కనబడింది. అనుమతి లేకుండా గేటెందుకు ఎత్తారని పైనుంచి వచ్చిన మెమోకు జవాబు. నా దాకా రాకుండానే సార్ రాసి పంపారు. 'నేను ఫోన్‌లో ఇచ్చిన ఆదేశం మేరకే ఏఈ గేటు ఎత్తించారు, బాధ్యత పూర్తిగా నాది' అని ఉంది. దాని కిందే సార్ సర్వీసు రిజిస్టర్‌లో ఎక్కించిన మందలింపు కాపీ ఉంది. పోయిన జాబితాలో సార్ ప్రమోషన్ ఎందుకు ఆగిందో మనలో ఎవరికీ అర్థం కాలేదు కదా, అందుకే ఆగింది. నా పది నెలల కోపం తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

రాంప్రసాద్ సార్, ఇదంతా మీరు ఇక్కడికి రాకముందు జరిగింది. సదానందం సార్ ఆ జవాబులో రాసింది నిజం కాదు. ఆయన నాకు ఏ ఆదేశమూ ఇవ్వలేదు. నీళ్ళు చూసింది నేను, ఎత్తించింది నేను. రేపు పొద్దున ఇదే సంగతి రాతపూర్వకంగా మీ టేబుల్ మీద పెడతాను. ఆ మందలింపు ఆయన రిజిస్టర్‌లోంచి తీసి, ఇవ్వాలనుకుంటే నాకివ్వండి. తప్పో ఒప్పో, అది నా పని.



సదానందం సార్ కూర్చొమ్మని చెయ్యి ఊపుతున్నారు. చూస్తున్నాను సార్. విన్న పెద్దలందరికీ, ఓపిక పట్టిన కట్టమ్మ గారికి కృతజ్ఞతలు. సార్, ఇవాళ మధ్యాహ్నం మీరు ఛార్జి అప్పగించి సంతకం పెట్టారు. ఇక మీ ఆర్డర్లు నాకు చెల్లవు. సెలవు.