చేరని సరుకు

ఓడలో పనికెళ్ళిన భర్త తిరిగి రాకపోయినా, గార్డెన్ రీచ్ రేవులో ఓడ కూసినప్పుడల్లా ఆమె గుమ్మం వైపు చూస్తూనే ఉంది. రేపు ఆమె బొట్టూ గాజులూ తీయించాలని శ్రీకాకుళం నుంచి చుట్టాలొచ్చారు. నచ్చజెప్పే పని, ఎగుమతి లెక్కల ఆఫీసులో చేసే కూతురి మీద పడింది. ఎలా మొదలుపెట్టాలో ఆ పిల్లకు తోచకముందే తల్లే అడిగింది.

“ఏటే, మీ ఆఫీసులో ఆ లెక్కల తగువు తెగనేదా?”

“నేదమ్మా. మనం పంపిన గోనెసంచులు ఎక్కువ, అవతలి దేశపోళ్ళు వచ్చాయన్నవి తక్కువ.”

“దొంగలెత్తుకుపోనారా?”

“కాదమ్మా. కొన్నింకా దారిలో ఉంటాయి. కొన్ని మరో రేవులో దింపేత్తారు.”

“మరో రేవులోనా? మరైతే మీ అయ్య కూడా...”

“అమ్మా, అయ్య ఓడ మునిగిపోనాది.”

తల్లి చేతిగాజులు తడుముకుంది.

“ఆ ఓడలోనూ సరుకుండేది కదే. దాన్నేటని రాసినారు?”

“మన కాడ ఎల్లినట్టు రాసినారు. అక్కడికి చేరనేదు కాబట్టి ఆళ్ళేటీ రాయనేదు.”

“మునిగిందని తెలిసినాక మనోళ్ళు లెక్కలోంచి కొట్టేసినారా?”

“నేదు. ఎల్లింది ఎల్లినట్టే ఉంటాది.”

నదిలో ఓడ కూసింది. ఈసారి కూతురు కూడా గుమ్మం వైపు చూసింది.

“గోనెసంచులకే ఆ మర్యాదుంటే, నా బొట్టెందుకు తుడిసేత్తారే?”