మైకు మూగబోయిన నాడు పాటను నిలబెట్టిన జాల్యా గారు

1979 జూన్ 18వ తేదీన మానుకోటలోని మా ఆరోగ్య ప్రచార కార్యాలయంలో డప్పు కళాకారులుగా శ్రీ జాల్యా గారు బాధ్యతలు స్వీకరించారు. మలేరియా మొదలు పోలియో చుక్కల దాకా ప్రతి విషయాన్నీ తండాల్లో లంబాడీలో, ఊళ్లలో తెలుగులో పాట కట్టి వినిపించి, 1996లో బృంద నాయకులై, ముప్పై నాలుగేళ్ల నిర్విరామ సేవానంతరం ఈ 2013 జూన్ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. అదే కార్యాలయంలో అటెండరునైన నేను ఏడో తరగతి చదువుతో వారి గురించి వ్రాయ సాహసిస్తున్నాను. తప్పులుంటే పెద్దలు మన్నించగలరు.

2009లో స్వైన్ ఫ్లూ లోకమంతా పాకినప్పుడు మా దగ్గర ముందుగా ఆగింది పాటే. కళాజాతలు వాయిదా పడ్డాయి. తెలిసిన బ్యాండువాళ్లు పెళ్లి ఊరేగింపులు లేక పత్తి ఏరడానికి పోయారు. హన్మకొండలో జరగవలసిన మావాళ్ల సీడీ రికార్డింగు నిలిచిపోయింది. ఇంతలో డిసెంబరులో తెలంగాణ ఉద్యమం ఉవ్వెత్తున లేచి, తొర్రూరు సభలో పాడమని పిలుపు వచ్చింది. బృందంలో నా కూతురు లత ఉంది. దానికి చిన్ననాటి నుంచి ఆయాసం. గాయకులు నలుగురూ ఒకే మైకు దగ్గర తలలు ఆనించి కోరస్ పాడటం మనవాళ్ల అలవాటు. నేను నేరుగా జాల్యా గారి దగ్గరికి పోయాను.

"అన్నా, నలుగురి తుంపర్లు ఒక్క మైకు మీదనే పడ్తయి. నా బిడ్డను పంప. దానికేమన్నయితే నేనెట్ల బతకాలె?" అన్నాను.

"ఎవలన్న తుమ్మితె సాలు, నీకు దవాఖాననే యాదికొస్తది గదనె అక్కా! మైకు సంగతి నేను జూస్త, జర నిమ్మలంగుండు" అన్నారు.

సభ రోజున డెట్టాల్ కలిపిన వేడినీళ్లలో స్పాంజి తొడుగుతో పాటు మైకునే ముంచి తీశారు! వేదిక మీద అది కిక్కురుమనలేదు.

"ఏంది మామా, మైకుకు తానం చేపిచ్చినవా?" అని లత నవ్వింది.

"మీయమ్మ పరేషాన్ జూసి సబ్బు గూడ పెడ్దామనుకున్న బిడ్డా!"

వెంటనే వారు వేదిక దిగి, నలుగురు గాయకులను మైదానం నాలుగు మూలల్లో నిలబెట్టి, నడుమ తామే డప్పు అందుకున్నారు. ఒక మూల ఎత్తుకున్న చరణాన్ని మరో మూల అందుకోగా పాట జనం చుట్టూ తిరిగింది. లత వెనుకే మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడిన నేను, రెండో చరణానికి అందరితో కలిసి పాడుతున్నాను. రోగభయం తగ్గేదాకా బృందం అట్లే పాడింది. లత ఒక్క సభా మానలేదు.

వచ్చే ఆదివారం స్టేషన్ ఘన్‌పూర్‌లో వారి డప్పు లేకుండా లత మొదటిసారి బృందాన్ని నడపబోతున్నది. నాకు ఇప్పటి నుంచే గుండె దడ, అయినా ఆపను. శ్రీ జాల్యా గారు, వారి అర్ధాంగి సక్రి గారు నిండు ఆరోగ్యంతో చిరకాలం వర్ధిల్లాలని, లత తాళం తప్పితే ముందు వరుసలోంచి లేచి కేకలు వేసేంత గట్టి గొంతు వారికి ఎన్నటికీ ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.

— యాకమ్మ, అటెండరు